దామలచెరువు కనుమ: 1740 నాటి రణభూమి

తిరుపతి జిల్లాకు ఆగ్నేయ కొసన సత్యవేడు, పడమటి కొసన పాకాల మండలం. సత్యవేడు దాటితే తమిళ మైదానం. పాకాల దాటి పీలేరు వైపు ఎక్కితే రాయలసీమ మెట్టభూములు. ఆ మెట్ట నుంచి మైదానానికి దిగే దారుల్లో పేరుమోసింది దామలచెరువు కనుమ. 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాలతో పోరాడి చనిపోయింది ఇక్కడే.

కయ్యానికి మూలం తిరుచిరాపల్లి. నవాబు అల్లుడు చందా సాహెబు మధుర నాయకుల రాణి మీనాక్షిని వంచించి ఆ కోటను పట్టుకున్నాడు. తంజావూరు మీదా నవాబు బలగాల ఒత్తిడి పెరిగింది. తంజావూరును ఏలుతున్నవారు మరాఠా ఛత్రపతి సాహుకు దాయాదులు. నవాబు ఏలే కర్ణాటక ప్రాంతం నుంచి రావలసిన చౌతు కప్పం బాకీ సరేసరి. సాహు పంపిన సేనకు నాగపూరు రఘూజీ భోంస్లే, అక్కల్‌కోట ఫతేసింగ్ భోంస్లే నాయకులు.

దోస్త్ అలీ చేతిలో 4,000 గుర్రపుదళం, 6,000 కాల్బలం ఉన్నాయని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. కొడుకు సఫ్దర్ అలీ, అల్లుడు చందా సాహెబు సేనలతో ఇంకా వచ్చి కలవలేదు. బలం తక్కువైనవాడు ఇరుకు కనుమను ఎంచుకోవడం తెలివైన పనే. రెండు పక్కలా కొండలు, మధ్యన సన్నని దారి ఉన్నచోట ఎదుటివాడి గుర్రాలెన్ని ఉన్నా ఒక్కసారిగా మీద పడలేవు. అయితే కొండల్లో దారి ఒక్కటే ఉండదు. మరో కనుమకు కాపలా ఉన్న స్థానిక నాయకుడు మరాఠాలతో లాలూచీ పడి దారి విడిచాడు. వెనుకనుంచి వస్తున్న గుర్రాలను చూసి నవాబు తన కొడుకే సాయం వస్తున్నాడనుకున్నాడు. నిజం తెలిసేసరికి ముందూ వెనకా శత్రువే. ఆ పోరులో నవాబు, మరో కొడుకు హసన్ అలీ చనిపోయారు. దివాను మీర్ అసద్ పట్టుబడ్డాడు.

సఫ్దర్ అలీ వేలూరు కోటలో తలదాచుకొని మరాఠాలతో రాజీపడ్డాడు. నవాబు కుటుంబానికి పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డ్యూమా ఆశ్రయమిచ్చాడు. 1741 మార్చిలో తిరుచిరాపల్లి పడిపోయింది, చందా సాహెబు సతారాకు బందీగా వెళ్లాడు. ఆర్కాటు గద్దె కోసం మొదలైన కుమ్ములాటలోకే తర్వాత ఫ్రెంచివారూ ఆంగ్లేయులూ దిగారు. దక్షిణాది చరిత్రను ఇంతగా మలుపు తిప్పిన చోటు పాఠ్యపుస్తకాల్లో పేరుకు కూడా కనబడకపోవడం బాధాకరం.

ఇలాంటి రణభూమిలో గోడలూ బురుజులూ వెతకకూడదు. కత్తులు, బల్లేలు, జీనులు గెలిచినవాళ్లు ఏరుకుపోతారు. మిగిలిన ఇనుమును తుప్పు తినేస్తుంది. వాగులు మట్టిని కోసుకుపోతాయి. సీసపు తుపాకి గుండు మాత్రం తెల్లని బూడిదరంగు పొర కట్టి శతాబ్దాలపాటు నేలలో ఉండగలదు. రాతికి తగిలిన గుండు చదునవుతుంది, పేల్చకుండా జారిపడినది గుండ్రంగానే ఉంటుంది. ఎక్కడ ఏది దొరికిందో పటం మీద గుర్తిస్తే సేనలు నిలిచిన వరస తెలుస్తుంది. జర్మనీలోని కాల్‌క్రీజ అడవి అంచున 1987 నుంచి దొరికిన నాణేలు, సీసపు వడిసెల గుండ్లు క్రీ.శ. 9లో రోమన్ సేన నాశనమైన తావును చూపించింది ఈ పద్ధతిలోనే. అందుకే దొరికిన వస్తువును చోటు రాసుకోకుండా పెకలిస్తే సాక్ష్యం సగం పోయినట్టే. మన దేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువైన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలి.

దామలచెరువులో చెడని సాక్ష్యం నేల తీరే. 19వ శతాబ్దం చివర పాకాల–ధర్మవరం రైలుమార్గం వేసినవారు కూడా ఈ సందునే పట్టుకుని మెట్ట ఎక్కారు. పీలేరు వైపు వెళ్లే రైలు కిటికీలోంచి చూస్తే, గుట్టలు దగ్గరపడేచోట కొద్దిమంది పెద్ద సేనను ఎలా నిలపగలరో అర్థమవుతుంది. మదనపల్లె ప్రాంతంలో వైదుంబ రాజుల కాలపు వీరగల్లులు యుద్ధంలో పడినవారిని పేరుతో సహా చెబుతాయి. అయితే 1740 పోరు గురించి ఓర్మ్ రాసినదాంట్లో ఉన్నవి నవాబు, ఆయన కొడుకు, దివాను వంటి పెద్దల పేర్లే. 6,000 కాల్బలం అందులో అంకెగానే మిగిలింది.