ఎర్ర నిప్పు చీమ: వ్యాప్తి, నియంత్రణల చరిత్ర

ఎర్ర నిప్పు చీమ (సోలెనాప్సిస్ ఇన్విక్టా) దక్షిణ అమెరికాలో పరాగ్వే, పరానా నదుల వరద మైదానాలకు చెందిన కీటకం. 20వ శతాబ్దంలో ఓడ సరుకుతో ఉత్తర అమెరికా చేరి, అక్కడ పురుగుమందుల విధానాన్నే మార్చిన పెద్ద వివాదానికి కారణమైంది. మన పొలాల్లో, పెరళ్లలో కుట్టే ఎర్ర చీమల్లో ఒకటైన సోలెనాప్సిస్ జెమినాటా దీనికి దగ్గరి చుట్టం. అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే.

జీవన విధానం

శ్రామిక చీమ పొడవు సుమారు 2 నుంచి 6 మిల్లీమీటర్లు. దవడలతో చర్మాన్ని పట్టుకుని, పొట్ట వంచి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ పలుమార్లు కుడుతుంది. విషంలో చాలా భాగం సోలెనాప్సిన్లు అనే ఆల్కలాయిడ్లే. మంట వాటి వల్లే పుడుతుంది. మర్నాటికి కుట్టిన ప్రతిచోటా తెల్లని పొక్కు లేస్తుంది. దాన్ని గిల్లకుండా వదిలేస్తే మానుతుంది, గిల్లితే పుండవుతుంది. విషంలో కొద్దిపాటిగా ఉండే ప్రొటీన్లు కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కలిగిస్తాయి.

వాన వెలిసిన తర్వాత వెచ్చని పూట రెక్కల చీమలు ఎగిరి గాలిలోనే జతకడతాయి. రాణి నేలకు దిగి, రెక్కలు రాల్చి, చిన్న గది తవ్వుకుని తలుపు మూసుకుంటుంది. ఒంట్లోని కొవ్వునూ ఇక పనిలేని రెక్కల కండరాలనూ కరిగించుకుంటూ తొలి సంతానాన్ని పెంచుతుంది. సుమారు నెలలో మొదటి శ్రామికులు బయటికొస్తాయి. ముదిరిన పుట్టలో రెండు లక్షలకు పైగా చీమలుండవచ్చు. వరదొస్తే ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా కట్టుకుని, రాణినీ పిల్లలనూ మోస్తూ తేలిపోతాయి. 2017లో హార్వీ తుఫాను వేళ హ్యూస్టన్ వీధుల్లో జనం ఈ తెప్పలను చూశారు. కొన్ని పుట్టల్లో ఒకే రాణి, కొన్నింటిలో అనేక రాణులు ఉండటానికి మూలం ఒక జన్యు తేడా అని 1998లో లారెంట్ కెల్లర్, కెన్నెత్ రాస్ చూపారు.

నియంత్రణకు అన్నిటికంటే అక్కరకొచ్చిన సంగతి తిండిది. ఎదిగిన చీమలు గట్టి ఆహారం మింగలేవు. దాన్ని చివరి దశ లార్వాలకు పెడితే అవి జీర్ణం చేసి ద్రవంగా తిరిగిస్తాయి. నూనె వంటి ద్రవాలు మాత్రం నోటి నుంచి నోటికి పుట్టంతా పాకి, రాణిదాకా చేరతాయి.

మొబైల్ రేవు నుంచి మైరెక్స్ నిషేధం దాకా

 అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న మొబైల్ రేవులో మొదట దిగింది దీని దాయాది, నల్ల నిప్పు చీమ. అది 1918 ప్రాంతంలో వచ్చిందని అంచనా, 1929లో లోడింగ్ అనే కీటక పరిశీలకుడు దాని ఉనికిని ప్రకటించాడు. ఎర్ర చీమ 1930లలో వచ్చింది. 1942లో మొబైల్‌లోనే పెరుగుతున్న 13 ఏళ్ల ఎడ్వర్డ్ విల్సన్ తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో దీని పుట్టను గుర్తించాడు. 1949లో ఇంకా విద్యార్థిగా ఉండగానే, రాష్ట్ర ప్రభుత్వం కోసం జేమ్స్ ఈడ్స్‌తో కలిసి దీని వ్యాప్తిపై సర్వే చేశాడు. తర్వాతి కాలంలో చీమల శాస్త్రానికే పెద్ద దిక్కయిన విల్సన్ తొలి పని అంత శ్రద్ధగా సాగింది. ఈ రెండు చీమలూ వేర్వేరు జాతులని తేల్చి, 1972లో ఎర్రదానికి ఇప్పటి పేరు పెట్టినవాడు విలియం బ్యూరెన్.

1953 నాటి సర్వేలో 10 రాష్ట్రాల్లోని 102 కౌంటీల్లో చీమ కనబడింది. నర్సరీ మొక్కల వేళ్ల మట్టిలో అది ప్రయాణిస్తోందని కూడా తేలింది. 1957లో అమెరికా కాంగ్రెస్ 24 లక్షల డాలర్లు కేటాయించింది. చీమను సమూలంగా తుడిచెయ్యాలని విమానాల నుంచి ఎకరాకు 2 పౌండ్ల చొప్పున హెప్టాక్లోర్, డీల్డ్రిన్ అనే పురుగుమందుల గుళికలు చల్లడం మొదలుపెట్టారు. కంజులు, చేపలు, పశువులు చచ్చాయి. లూసియానా చెరకు తోటల్లో కాండం తొలిచే పురుగు విజృంభించింది. ఎందుకంటే దాన్ని తిని అదుపులో ఉంచుతున్నది ఈ చీమే. 1958లో వచ్చిన క్వారంటైన్ మేలైన చర్య. మట్టి, గడ్డి, నర్సరీ మొక్కలను చీమ ఉన్న ప్రాంతం దాటించేముందు శుద్ధి చేయాలన్న ఆ నిబంధన నేటికీ అమల్లో ఉంది. 1962లో వచ్చిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో రేచల్ కార్సన్ ఈ గగనతల దాడిని ధైర్యంగా, ఆధారాలతో ఎండగట్టింది.

ఆమె పుస్తకం వచ్చిన ఏడాదే మైరెక్స్ రంగంలోకి దిగింది. మొక్కజొన్న కంకి రవ్వను సోయా నూనెలో నానబెట్టి, అతి కొద్దిగా మందు కలిపిన ఎర అది. చీమ తిండి అలవాటును ఎరిగి చేసిన ఆలోచన, చాలా తెలివైనది. కానీ దాన్నీ విమానాలతో కోట్ల ఎకరాల్లో చల్లారు. స్థానిక చీమలు కూడా అదే ఎర తిని చచ్చాయి. ఖాళీ అయిన నేలను ముందుగా ఆక్రమించింది నిప్పు చీమే. మందు కొవ్వులో పేరుకుని మనుషుల శరీరాల్లో కూడా కనబడటంతో 1978 నాటికి దాన్ని ఆపేశారు. అప్పటికి చీమ మునుపటికంటే ఎక్కువ నేలను ఆక్రమించింది. ఈ మొత్తం ప్రయత్నాన్ని విల్సన్ వియత్నాం యుద్ధంతో పోల్చాడు.

ఇతర దేశాలు

ఈ చీమ 2001లో బ్రిస్బేన్‌లో, 2003లో తైవాన్‌లో, ఆ మరుసటి ఏడాది చైనాలో బయటపడింది. ఇవి చాలావరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచే వెళ్లాయని 2011లో జన్యు పరిశోధన తేల్చింది. 2001లో ఆక్లండ్ విమానాశ్రయంలో దొరికిన పుట్టను న్యూజీలాండ్ వెంటనే నిర్మూలించింది. బ్రిస్బేన్‌లో మాత్రం పోరాటం ఇంకా సాగుతోంది. 2023లో సిసిలీలోని సిరాక్యూజ్ దగ్గర 88 పుట్టలు కనబడ్డాయి.

నేటి పద్ధతులు

1980లో అమెరికాలో హైడ్రామెథిల్నాన్ ఎరకు అనుమతి వచ్చింది. అది ఎండలో త్వరగా విరిగిపోతుంది. రాణి గుడ్లను, పిల్లల ఎదుగుదలను దెబ్బతీసే మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ ఎరలు నిదానంగా పనిచేస్తాయి, కానీ ఫలితం నిలుస్తుంది. 1997లో ఫ్లోరిడాలో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఫోరిడ్ ఈగలను వదిలారు. ఈ ఈగ చీమ ఒంట్లో గుడ్డు పెడుతుంది, పురుగు తలలోకి చేరి పెరిగాక చీమ తల ఊడిపోతుంది. ఈగలు పుట్టలను తుడిచెయ్యవు గానీ చీమలను బెదరగొట్టి మేత మాన్పిస్తాయి.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డాలస్, హ్యూస్టన్ వంటి చోట్ల ఇళ్ల ముందు గడ్డిలో ఈ పుట్టలు మామూలే. అక్కడ రెండంచెల పద్ధతిని సూచిస్తారు. మొదట ఆవరణంతా తాజా ఎర పలచగా చల్లాలి, కొన్ని రోజులాగి మిగిలిన పుట్టలకు విడిగా మందు వేయాలి. తడి గడ్డిపై చల్లిన ఎర, మక్కిన నూనె వాసనొచ్చే ఎర చీమలు ముట్టవు. పుట్టను ముందుగా కదిలిస్తే రాణిని మోసుకుని మరోచోటికి పోతాయి. కూరగాయల మడుల్లో మందు వద్దనుకుంటే ఒక్కో పుట్టపై 11 లీటర్ల మరిగే నీళ్లు పోయవచ్చు. పదింట ఆరు చస్తాయి, తక్కినవాటికి మళ్లీ పోయాలి.