పుటను గోడ మీదికి తెచ్చిన వెలుగు

తరగతిలో ఒకే పుస్తకం, అరవై మంది పిల్లలు. అందులోని బొమ్మను అందరికీ ఒకేసారి చూపడం ఎలా? ఈ ప్రశ్నకు దొరికిన పాత సమాధానాల్లో ఒకటి అపారదర్శక ప్రొజెక్టర్. దీన్నే ఎపిస్కోప్ అంటారు. గాజు స్లైడ్లను కూడా చూపగలిగితే అది ఎపిడయాస్కోప్.

తోలుబొమ్మలాటలో దీపపు వెలుగు పలుచని తోలు గుండా తెరను చేరుతుంది. 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ రూపొందించిన మాయాదీపంలోనూ వెలుగు గాజు బొమ్మ గుండానే ప్రసరిస్తుంది. పుస్తకపు పుట విషయంలో అది కుదరదు. పుట మీద పడి తిరిగివచ్చే వెలుగునే కటకంతో పట్టాలి. 1756 ప్రాంతంలో ఆయిలర్ అనే గణితవేత్త ఇలాంటి పరికరాన్ని చేసి చూపాడు. 1872 ప్రాంతంలో అమెరికాలో హెన్రీ మోర్టన్ ఆక్సీహైడ్రోజన్ దీపాన్ని వస్తువుకు బాగా దగ్గరగా ఉంచి, పెద్ద నాటకశాలల్లోని ప్రేక్షకులకు బొమ్మలు చూపాడు.

అంత దీపం ఎందుకు? లెక్క వేద్దాం. కాగితం తన మీద పడిన వెలుగును అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. కటకం వ్యాసం దాని నాభ్యంతరంలో నాలుగో వంతు అనుకోండి. వెదజల్లిన వెలుగులో కటకానికి చేరేది సుమారు 64వ వంతే. బొమ్మను పొడవులోనూ వెడల్పులోనూ 10 రెట్లు పెంచితే, ఆ కాస్త వెలుగూ 100 రెట్ల వైశాల్యంలో పరుచుకోవాలి. అంటే తెర మీద వెలుగు పుట మీది వెలుగులో 6,400వ వంతు! అందుకే ఈ యంత్రానికి పెద్ద కటకం, వందల వాట్ల బల్బు, వేడిని తోసే ఫ్యాను, చీకటి గది తప్పనిసరి.

ఇంకో చిక్కు ఉంది. కటకం ఒక్కటే ఉంటే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. స్లైడునైతే తిప్పి పెట్టుకోవచ్చు, పుటను అలా తిప్పలేం. కాబట్టి లోపల ఒక దర్పణం అమర్చి సరిచేస్తారు.

ఇలాంటి యంత్రం ఎవరికి పనికొస్తుంది? గుజరాత్‌లోని సూరత్ సంగతి చూడండి. మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి వెళ్లిన కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది. మన ఊళ్లలోలాగా తెలుగు పుస్తకాల దుకాణం అక్కడ ప్రతి వీధిలోనూ ఉండదు. ఎవరింట్లోనో ఉన్న ఒక్క పుస్తకం గోడ మీద వెలిగితే తరగతి అంతటికీ చదువే. ఖటోదరా పారిశ్రామిక వాడలాంటి చోట్ల నేతపని చూసిన పిల్లలకు ఇంకో ఉపయోగమూ అర్థమవుతుంది. తెర బదులు గళ్ల కాగితం పెడితే, చిన్న పువ్వు బొమ్మను జకార్డు డిజైనుకు కావలసినంత పెద్దదిగా దించుకోవచ్చు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది.

నేడు తరగతిలో డాక్యుమెంట్ కెమెరా వచ్చింది కాబట్టి ఎపిస్కోప్ ఎక్కువగా పాత సామాన్లలోనే దొరుకుతుంది. మీ పాఠశాల కొనదలిస్తే వెలిగించి చూడకుండా డబ్బివ్వకండి. అమెరికా యంత్రమైతే 110 వోల్టులదా అని చూడండి. మన 230 వోల్టులకు నేరుగా కలిపితే కాలిపోతుంది. ఫ్యాను తిరగకపోతే బల్బు వేయనే వద్దు. అలాంటి బల్బు ఇప్పుడూ దొరుకుతుందో లేదో ముందే విచారించండి. సూరత్ వంటి తేమ ప్రాంతాల్లో కటకానికి బూజు పడుతుంది. టార్చి వేసి చూడండి. దర్పణానికి పూత ముందువైపు ఉంటుంది, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. వైర్ల తొడుగు పెళుసైతే ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. పాత వైర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి మీరు గీకవద్దు. చివరగా ఒక అచ్చు పుట పెట్టి, మధ్యలోని అక్షరాలతోపాటు మూలల్లోవీ స్పష్టంగా ఉన్నాయో లేదో గమనించండి. విలువైన పాత ఫోటోను మాత్రం ఆ వేడిలో ఎక్కువసేపు ఉంచకండి.

యంత్రం దొరక్కపోయినా ప్రయోగం చేయవచ్చు. రాత్రి చీకటి గదిలో ఒక రంగుల బొమ్మను గోడకు ఎదురుగా నిలబెట్టి, దాని మీద టార్చి వెలుగు వేయండి. బొమ్మకూ గోడకూ మధ్య భూతద్దాన్ని ముందుకూ వెనక్కూ జరపండి. గోడ మీద మసకగా, తలకిందులుగా బొమ్మ కనిపిస్తుంది. ఆ మసక ఎందుకో పై లెక్కతో మీరే చెప్పగలరు.