గుడియాత్తం గళ్ళు, స్కాట్లాండ్ గళ్ళు

కిల్టు స్కాట్లాండ్ మగవాళ్ళ పండగ బట్ట. మోకాళ్ళ దాకా దిగే కుచ్చిళ్ళ గళ్ళ వస్త్రం. ఆ గళ్ళ నేతకు టార్టన్ అని పేరు. పద్ధతి ప్రకారం కుడితే ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. చేత్తో కుట్టిన కిల్టు ఖరీదు వందల పౌండ్లు పలుకుతుంది. అంత పెట్టలేనివాళ్ళు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట నుంచి తెప్పించుకుంటారు. అక్కడ అక్రిలిక్, పాలీ విస్కోస్ బట్టతో కుట్టే కిల్టులు అందులో కొద్ది భాగం ధరకే వస్తాయి. స్కాట్లాండ్ నేతగాళ్ళకు ఇది కష్టంగానే ఉంటుంది, ఆ కష్టంలో న్యాయం ఉంది. అయితే సముద్రం అవతలి నుంచి గళ్ళ గుడ్డను చవకగా తెప్పించుకోవడం కొత్త సంగతి కాదు. నాలుగు వందల ఏళ్ళుగా లోకం ఆ పని చేస్తూనే ఉంది. ఆ గుడ్డ నేసి పంపింది ఎక్కువగా మన కోరమాండల్ తీరం.

ఆ తీరానికి వెనక ఉన్న ఊళ్ళలో గుడియాత్తం ఒకటి. పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది ఒడ్డున, వేలూరుకు పడమరగా ఉంటుంది. అగ్గిపెట్టెలకూ లుంగీలకూ పేరుపడ్డ ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా చిత్తూరు కేంద్రంగా నడిచిన ఉత్తరార్కాటు జిల్లాలోనే ఉండేది. జిల్లాల గీత మారినా మాట మారలేదు. ఇక్కడి నేత కుటుంబాల్లో తమిళం మాట్లాడే సెంగుందర్లతో పాటు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు.

వేలూరు కోట కట్టించింది తెలుగు నాయకులైన బొమ్మినాయకుల వంశం. విజయనగరం కూలాక అరవీటి రాజులు చంద్రగిరి నుంచీ, ఈ కోట నుంచీ ఏలారు. వాళ్ళ కింది అధికారి దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో ఈస్టిండియా కుంఫిణీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు ఇచ్చిన ఇసుక నేల మీదే మద్రాసు లేచింది. డే ఆ చోటును ఎంచుకోవడానికి గుడ్డ ధరే ముఖ్యమైన కారణం. అక్కడ నౌకలు ఆగడానికి మంచి రేవు కూడా లేదు, కానీ చుట్టుపక్కల నేత గ్రామాల్లో బట్ట చవక. అంతకు ముందే, 1613లో, డచ్చివాళ్ళు పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకుని బట్టల వ్యాపారం సాగించారు. ఆ ఊరి పేరే గళ్ళ బట్టకు అంటుకుని ‘పలయకాట్’ లుంగీగా ఇప్పటికీ తమిళనాడు కొట్లలో వినిపిస్తుంది.

ఈ గళ్ళు ఎలా పుడతాయో మగ్గం దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది. రంగులద్దిన నూలును ముందు ఆసు మీద లెక్కగా పోస్తారు. ఇన్ని పోగులు ఎరుపు, ఇన్ని నీలం, మధ్యలో రెండు తెలుపు. ఆ వరుసే పడుగు. గంజి పెట్టి, దువ్వి, మగ్గానికి ఎక్కించాక పేకలో కూడా అదే లెక్క సాగాలి. అందుకని నేతగాడి పక్కన రంగుకో నాడె సిద్ధంగా ఉంటుంది. ఎరుపు కండె ఉన్న నాడె ఇన్నిసార్లు విసిరి, ఆపి, నీలం నాడె అందుకోవాలి. చెయ్యి ఆగకూడదు, మనసులో లెక్క తప్పకూడదు. ఒక్క పోగు ఎక్కువైతే గడి చదరంగా లేకుండా సాగిపోతుంది. లుంగీ రెండు కొసలూ కలిపి కుట్టినప్పుడు ఆ కుట్టు దగ్గర గడి విరగకుండా కలవాలి. మంచి లుంగీలో ఆ కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. టార్టన్ కూడా ఇలాగే లెక్క మీద నడిచేదే. తేడా ఏమిటంటే అది ఉన్నితో ఏటవాలుగా నేసిన బట్ట, ఇది నూలుతో నేసిన సాదా నేత. టార్టన్‌లో సాధారణంగా రంగుల వరుస ఒక చోటికి వచ్చి అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. మన గళ్ళకు ఆ కట్టుబాటు లేదు.

ఈ రెండు గళ్ళూ ఒకదాన్నొకటి కలుసుకున్నది యుద్ధభూమిలో. 1780లో స్కాట్లాండ్ కొండజనమైన మెక్లియడ్ హైలాండర్ల పటాలం మద్రాసులో దిగింది. ఆ ఏడాదే పొల్లిలూరులో హైదరలీ చేతిలో ఇంగ్లీషు దండు చిత్తుగా ఓడినప్పుడు ఆ పటాలంవాళ్ళూ అందులో ఉన్నారు. మరుసటి ఏడాది 1781 సెప్టెంబరు 27న వేలూరుకు దగ్గరలోని షోళింగర్‌లో ఇంగ్లీషు సేనాని సర్ ఐర్ కూట్ వెంట నిలిచి పోరాడారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. స్కాట్లాండ్‌లో 1745 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పార్లమెంటు 1746లో చట్టం చేసి హైలాండ్ కొండజనం సంప్రదాయ దుస్తులు కట్టకూడదని నిషేధించింది. కట్టినవాడికి ఆరు నెలల జైలు, రెండోసారి పట్టుబడితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. సైన్యంలో చేరినవాడికి మాత్రమే మినహాయింపు. ఆ నిషేధం ఎత్తేసింది 1782లో. అంటే షోళింగర్‌లో ఆ పటాలం పోరాడుతున్న రోజుకు స్కాట్లాండ్‌లో వాళ్ళ అన్నదమ్ములు ఆ బట్ట కడితే నేరం.

ఆ నిషేధం నేర్పిన పాఠం కుంఫిణీ ప్రభుత్వానికి పట్టలేదు. పాతికేళ్ళు తిరక్కుండానే వేలూరు కోటలో సిపాయిలకు కొత్త ఆజ్ఞ వచ్చింది. నుదుటి బొట్టు చెరపాలి, గడ్డాలు తీయాలి, తోలు తురాయి ఉన్న టోపీలాంటి తలపాగా పెట్టాలి. 1806 జూలై 10 తెల్లవారుజామున కోట భగ్గుమంది. ఆర్కాటు నుంచి ఇంగ్లీషు అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి అణచివేసేలోగా ఎంతో నెత్తురు పారింది, అణచివేతలో మరెంతో పారింది. తర్వాత ఆ ఆజ్ఞ రద్దయింది, మద్రాసు గవర్నరు బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు. 1857కు అర్ధశతాబ్దం ముందు జరిగిన ఈ తిరుగుబాటును మన పాఠ్యపుస్తకాలు ఒక పేరాతో సరిపెట్టడం అన్యాయం. మనిషి ఒంటి మీది బట్ట జోలికి రాజ్యం వెళితే ఏమవుతుందో హైలాండ్స్‌లోనూ, వేలూరులోనూ ఒకే చేతులు చేసి చూపించాయి.

మద్రాసు గళ్ళు స్కాట్ సిపాయిల టార్టన్ చూసి నేర్చుకున్నవేనని ఒక వాదం తరచు వినిపిస్తుంది. కొన్ని రంగుల అమరికలు అలా వచ్చి ఉండవచ్చు, కొన్నవాడు అడిగిన నమూనా నేయడం నేతగాడికి అలవాటే. కానీ హైలాండర్లు మద్రాసులో కాలు పెట్టకముందే పులికాట్ గళ్ళు ఓడలెక్కి సముద్రాలు దాటాయి. గళ్ళు మనకు అరువు సొమ్ము కాదు.

ఆ ఓడలు వెళ్ళిన చోట్లన్నీ గర్వించదగ్గవి కావు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో కోరమాండల్ బట్ట ముఖ్యమైనది. ఇక్కడి మగ్గం మీద నేసిన తాను అక్కడ ఒక మనిషి ధరలో భాగమైంది. నేసినవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు, మనకు మాత్రం తెలిసి ఉండాలి. అలా అమ్ముడుపోయిన బానిసల సంతతి కరీబియన్ దీవుల్లో అదే గళ్ళ గుడ్డను తలకు చుట్టుకుని తమ గుర్తుగా మార్చుకుంది. సెయింట్ లూసియా, డొమినికా, మార్టినీక్ స్త్రీల పండగ బట్ట ఈనాటికీ ‘మద్రాస్’. జమైకా జాతీయ దుస్తుల్లోని బందానా గళ్ళూ ఈ వంశానివే. నైజీరియాలోని కలబారీ ఆడవాళ్ళు మరో అడుగు ముందుకు వేశారు. ‘ఇంజిరి’ అని పిలుచుకునే మన గళ్ళ బట్టలోంచి ఎంచి ఎంచి పోగులు కోసి లాగేసి, ‘పెలెటె బిటె’ అనే కొత్త వస్త్రం చేస్తారు. పుట్టుక, పెళ్ళి, చావు అన్నిటికీ వాళ్ళకు అది కావాలి. వాళ్ళ కోసం నేసిన రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే గళ్ళ బట్టకు మన చీరాల మగ్గాలు కూడా ఒకప్పుడు ఒక పెద్ద ఆధారం.

లుంగీ దారి తూర్పు దారి. బర్మా, సింహళం, మలయా, సింగపూర్‌లకు మద్రాసు రాజధాని కైలీలు (లుంగీలు) మూటలు మూటలుగా వెళ్ళేవి. 1942లో జపాను సేన బర్మాను పట్టుకోగానే ఆ బేరం తెగింది. మగ్గం ఇక్కడ, కొనేవాడు అక్కడ ఉన్న బతుకులో ఉండే ప్రమాదం ఇదే. యుద్ధం అయ్యాక వచ్చిన స్వతంత్ర దేశాలు దిగుమతుల మీద ఆంక్షలు పెట్టాయి. సహకార సంఘాలూ, 1935లో మొదలైన కో-ఆప్‌టెక్స్ చేనేత సంస్థా కొంత నిలబెట్టాయి.

1958లో అమెరికా వంతు వచ్చింది. విలియం జాకబ్‌సన్ అనే వ్యాపారి మద్రాసులో కెప్టెన్ కృష్ణన్ నాయర్ అనే ఎగుమతిదారు దగ్గర గళ్ళ బట్ట కొన్నాడు, అది న్యూయార్కులో బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీ చేతికి వెళ్ళి చొక్కాలైంది. చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలన్న మాట మధ్యలో ఎక్కడో జారిపోయింది. యంత్రంలో వేసిన చొక్కాల రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. దావాల దాకా పోవాల్సిన ఈ గొడవను ప్రకటనలతో తిప్పేశారు. రంగు దిగడమే దీని గొప్పతనమన్నారు, ‘బ్లీడింగ్ మద్రాస్’ కాలేజీ కుర్రవాళ్ళ మోజు అయింది. చెట్టుచేమల రంగుల బట్ట ఉతుకుతున్న కొద్దీ మెత్తబడి, రంగు తేలిపోవడం ఇక్కడ అందరూ ఎరిగిన సంగతే. ఎరిగినవాళ్ళను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

ఇంత దూరం వెళ్ళిన గుడ్డ తన ఊరి పేరును వెంట తీసుకెళ్ళలేకపోయింది. నా బాధ అక్కడే. స్కాట్లాండ్ 2008లో చట్టం చేసి టార్టన్ల రిజిస్టరు పెట్టింది. ఏ గళ్ళు ఎవరివి, పోగుల లెక్క ఏమిటి అన్నది అందులో నమోదవుతుంది. సియాల్‌కోటలో కుట్టినా ఆ గళ్ళ పేరు స్కాట్లాండ్‌దే. మన గళ్ళకు ‘మద్రాస్’, ‘పలయకాట్’ అన్న రేవుల పేర్లు తప్ప, నేసిన గుడియాత్తానికి, చీరాలకు చోటు లేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టంలో లుంగీ ఉంది. అంటే గళ్ళ లుంగీ మరమగ్గం మీద నేయడం చట్టవిరుద్ధం. బజారులో మాత్రం మరమగ్గం లుంగీయే రాజ్యమేలుతోంది. చట్టం కాగితం మీద ఉన్నంతలో నాలుగో వంతు బజారులో అమలైనా ఈ మగ్గాలు నిలబడేవి. తమిళనాడు, ఆంధ్ర ప్రభుత్వాలు కలిసి ఊరు ఊరునా ఉన్న గళ్ళ అమరికలను పోగుల లెక్కతో సహా రాయించి భద్రపరచాలి. పాత నేతగాళ్ళ జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేని లెక్కలు వాళ్ళతోనే పోతాయి.

చిత్తూరు, నెల్లూరు, కడప నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికీ, శ్రీపురం గుడికీ మనవాళ్ళు రోజూ వస్తూనే ఉంటారు. వచ్చినప్పుడు వీలు చూసుకుని గుడియాత్తం దాకా వెళ్ళండి. చేనేత లుంగీ కావాలని నోరు తెరిచి అడగండి. బట్ట తిరగేసి చూడండి, నేసిన గడి రెండు వైపులా ఒకే రంగులో ఉంటుంది, అచ్చు వేసినదైతే వెనక వెలిసి కనిపిస్తుంది. చేనేత గుర్తు ఉందో లేదో చూడండి. మరమగ్గం లుంగీ కన్నా ధర ఎక్కువే చెబుతారు, ఇచ్చి కొనండి. ఎవరు నేశారని కూడా అడగండి.