బాయిలోని స్తంభములు

ప్రాణహితా గోదావరీ నదుల లోయ వెంబడి, వాయవ్యమున ఆదిలాబాదు అడవులు మొదలుకొని ఆగ్నేయమున ఖమ్మము మన్యము దాక, సుమారు 350 కిలోమీటర్ల పొడవున భూగర్భమునందు పరచుకొనియున్న బొగ్గుపొరలు, ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వము గోండ్వానా ఖండపు చిత్తడినేలలలో కూలి, మునిగి, మట్టిక్రింద అణగిపోయిన అరణ్యముల అవశేషములు. భద్రాచల యాత్రకు పోవుచు ఇల్లెందు దాపున విడిసిన కొందఱు, అన్నము వండుకొనుటకై పొయ్యిగా పేర్చిన నల్లరాళ్లే అంటుకొని మండుట చూచి విస్తుపోయిరనియు, ఆ వార్త ఆనోట ఈనోట దొరల చెవినబడినదనియు ఒక కథ ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ముచ్చటైన కథయే, కాని తరతరములుగా ఆ అడవిలో నిప్పు రాజేసికొనుచున్న కోయలకు ఆ రాళ్ల సంగతి అంతకు ముందు తెలియదనుకొనుట నాకు సాధ్యముగాదు. కాగితములకెక్కిన చరిత్ర మాత్రము 1871లో, భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించుటతో ఆరంభమగుచున్నది. ఆయన పేరు పెట్టిన ‘కింగ్ సీము’ అను బొగ్గుపొరను గని కార్మికులు నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు.

గనులు త్రవ్వు హక్కును సంపాదించిన హైదరాబాదు దక్కను కంపెనీ 1886లో ఇంగ్లండునందు పుట్టినది. నేలలోని బొగ్గు వెలికి రాకమున్నే లండను బజారులో వాటాల బేరము సాగినది; నిజాము ప్రభుత్వము పక్షమున వాటాలు కొన్న ఉన్నతోద్యోగి అబ్దుల్ హక్కే, వానిని అమ్మినవారితో లోపాయికారీగా పాలు పంచుకొన్నాడని బయటపడి, 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘము విచారణ జరుపవలసినంత రచ్చయైనది. మఱుసటి యేడు ఇల్లెందులో త్రవ్వకము మొదలైనది. డోర్నకల్లు నుండి వేసిన రైలుదారి ఆ అడవిని ఒకవంక సికిందరాబాదుతోను, ఒకవంక బెజవాడతోను కలిపినది.

ఇక గని చీకటిలోని నాటి పని. గనినే అక్కడివారు బాయి అందురు; బాయి దిగుట యనగా ఏమో దిగనివారికి చెప్పుట కష్టము. బొగ్గుపొరను వీధులు తీర్చినట్లు నిలువుగను అడ్డముగను తొలిచికొనుచు పోయి, నడుమ నడుమ చదరపు స్తంభములను విడిచిపెట్టుట అక్కడి పద్ధతి. తలపైనున్న వందలాది అడుగుల రాతిబరువునంతయు మోయవలసినవి ఆ స్తంభములే. పొరకు రంధ్రములు వేసి, మందు కూరి పేల్చిన పిమ్మట, పొగ విడిపోవునంతవరకు అందఱును వెనుకకు తగ్గి నిలుతురు. అప్పుడు సర్దారు ముందు నడచి, దీపమెత్తి, చేతికఱ్ఱతో పైకప్పును తట్టును. ఖణేలుమన్నచో రాయి కుదురుగా నున్నట్లు. డప్పువలె బోలుగా పలికినచో లోపల పొర విడినట్లు. ఆ రెండు ధ్వనులకును నడుమనున్న భేదమును ఏ పాఠశాలయు నేర్పలేదు. పాతకాపు చెవినుండి కొత్తవాని చెవికి అది దిగవలసినదే. కప్పుక్రింద కొయ్యదిమ్మెలు నిలిపిన తరువాత గాని, బొగ్గెత్తు కూలియైన ఫిల్లరు లోనికి పోరాకుండెను. అతడు చెమ్మాసు అను పారతో బొగ్గును తట్టకెత్తి, తట్టను తలకెత్తుకొని, వంగి నడచి, టబ్బులో పోయవలసియుండెను. కూలి టబ్బుల లెక్కన ఉండెను. దినమంతయు ఒంటినిండ పట్టిన నల్లచెమటకు వేఱొక కొలత లేదు. పైకి వచ్చినవాడు స్నానము చేసి కన్నుల చుట్టునున్న కాటుకను కడుగుకొనగలడు గాని, ఊపిరితిత్తులలో చేరిన ధూళిని కడుగుకొనజాలడు.

ఐనను జనము వచ్చిరి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ పల్లెలలో దొరల గడీలకు వెట్టి చేయుచు, చేసిన పనికి కూలియడుగ నోరులేని కుటుంబములవారికి, మస్టరులో తమ పేరు వ్రాసి, వారమునకో నెలకో చేతిలో రొక్కము పెట్టు చోటొకటి కలదని తెలియుటయే గొప్పసంగతి. పాతాళమునకు దిగుటకు భయపడని ధైర్యమని దానిని కీర్తించువారు, భూమిమీద వారినెట్టి భయము తరిమినదో కూడ చెప్పవలెను.

కంపెనీ చేతులు మారిన క్రమమును క్లుప్తముగా చెప్పవచ్చును. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. 1945లో నిజాము ప్రభుత్వము అధిక భాగము వాటాలను కొన్నది. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము 1960 నుండి రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 పాళ్లుగా స్థిరపడినది. గనులు 1927లో బెల్లంపల్లి వైపునకును, 1937లో కొత్తగూడెమునకును, పిమ్మట గోదావరియొడ్డున రామగుండమునకును సాగినవి. గోదావరిఖని అను ఊరే వెలయునంత జనము అక్కడ చేరినది.

మొదట ఆ బొగ్గు రైలింజన్లకును మిల్లులకును పోవుచుండెను. దానిని విద్యుత్తుగా మార్చు ఆలోచన తరువాతిది. హైదరాబాదులో హుస్సేనుసాగరు గట్టున 1920 ప్రాంతమున నెలకొల్పిన విద్యుత్కేంద్రము నగరవీధులకు దీపములిచ్చి, డెబ్బదియేండ్ల పైచిలుకు బ్రదికి, తుదకు కూల్చబడినది. ఆ స్థలమున నేడు ఎన్టీఆర్ ఉద్యానవనమున్నది. కిన్నెరసానికి ఆనకట్ట కట్టి, ఆ నీటి అండతో పాల్వంచలో 1966లో కొత్తగూడెము థర్మల్ కేంద్రమును నడపిరి. రామగుండములో 62.5 మెగావాట్ల కేంద్రము 1971లో వెలిసినది. 1978లో మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ కేంద్రము 1983లో ఉత్పత్తి ఆరంభించి, క్రమముగా 2,600 మెగావాట్లకు పెరిగి, దక్షిణాది రాష్ట్రములన్నిటికిని కరెంటు పంచినది. పంచనిది బూడిద. ఈ బొగ్గులో బూడిదపాలు నూటికి ముప్పది నలుబది వఱకు నుండుటచేత, మూడు బండ్ల బొగ్గు కాల్చిన ఇంచుమించు ఒక బండి బూడిద అక్కడనే మిగులును. దూరపు నగరములలో మీట నొక్కినవారికి దీపము దక్కినది. చెఱువువంటి బూడిదగుంటలును, వేసవిగాడ్పునకు వానినుండి లేచి ఆరవేసిన బట్టలమీదను వంటగిన్నెలమీదను వాలు తెల్లని పొడియు ఇరుగుపొరుగు పల్లెలకు దక్కినవి.

నేలపై గాయము 1975 తరువాత వేఱు రూపము దాల్చినది. ఆ యేడు రామగుండములో ఉపరితల గని (ఓపెన్‌కాస్టు) ఆరంభమైనది. మనుష్యులు లోనికి దిగుటకు మాఱుగా, యంత్రములు పైనున్న నేలనే ఎత్తివేయును. ఒక్క టన్ను బొగ్గు కొఱకు ఐదాఱు ఘనపు మీటర్ల మట్టిని తోడవలసియుండగా, ఆ మట్టి గుట్టలై, పొలములను కప్పి, వానకు వాగులలోనికి జారును. పేలుళ్లకు గోడలు బీటలువాఱును. గొయ్యి లోతైనకొలది చుట్టుప్రక్కల బావులలో నీరు ఇంకిపోవును. కొన్ని పల్లెలు పేర్లతో సహా తరలిపోయినవి. 1990 ప్రాంతమున లక్షకు పైబడిన కార్మికులు నేడు నలుబది వేల చుట్టుప్రక్కలనున్నారు. ఉత్పత్తి మాత్రము ఆనాటికంటె ఎన్నోరెట్లు పెరిగినది.

అందువలన భూగర్భ గనియే మంచిదని పాతరోజులను తలచి కన్నీరు పెట్టువారితో నేను చేరజాలను. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7వ ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తగా 17 మంది కార్మికులు ప్రాణములు కోలుపోయిరి. బాయి మనిషిని అడుగుచుండెను, ఓపెన్‌కాస్టు ఊరిని అడుగుచున్నది. బొగ్గునకు చెల్లించు మూల్యము తగ్గలేదు, చెల్లించువారు మాఱిరి. వెనుక బాయిలలో బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపు పద్ధతియొకటి యుండెను. నీటితో కలిపిన ఇసుకను గొట్టములద్వారా లోనికి పంపి, నేల క్రుంగకుండ కాపాడుచుండిరి. నేటి గోతిని పూడ్చవలసినది దాని సొంత మట్టియే. ఐనను చివరి గొయ్యి మిగిలిపోవుచునే యున్నది.

స్తంభముల మాట చెప్పి ముగింతును. పలుచోట్ల ఉపరితల గనులు పాత బాయిల నెత్తినే త్రవ్వుచున్నారు. నాడు మనిషి తలపై కప్పు కూలకుండ విడిచిపెట్టిన స్తంభముల బొగ్గే నేటి యంత్రమునకు ఆదాయము. పారబండి వరుసకొక మెట్టు దిగుచు గోడను కొఱికినప్పుడు, ఫిల్లర్లు నడచిన వీధులు చదరపు నల్లరంధ్రములై బయటపడును. ఒక్కొక్కచోట విఱిగిన కొయ్యదిమ్మె అందులోనే చిక్కుకొనియుండును. ఏండ్లతరబడి మూసియున్న ఆ వీధులలోనికి గాలి సోకినచో లోపలి బొగ్గు తనంతతాను వేడెక్కి పొగలు క్రక్కును. కావున రంధ్రము వేసిన ప్రతిచోటను మందు కూరుటకు ముందు లోపలి వేడిమిని కొలిచి, ఎక్కువైనచో నీరు పోసి చల్లార్చి, తరువాతనే పేల్చవలెనని నియమము.