నల్లమల అంచు పల్లెలు, అడవి దళాలు

అప్పటి ప్రకాశం జిల్లాలో కనిగిరి మెట్ట నుంచి వాయవ్యంగా మార్కాపురం దాటి దోర్నాల, యర్రగొండపాలెం చేరేసరికి వానపై బతికే చేలు వెనకబడి నల్లమల మొదలవుతుంది. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ దళాలకు, అంటే ఆయుధాలతో తిరిగే చిన్న జట్లకు, ఈ అంచు పల్లెలే ఆసరా. దాన్ని నేరంగా చూసిన పోలీసులకు గానీ, ప్రజాయుద్ధంగా కీర్తించిన పార్టీకి గానీ అందులో కలగలిసిన అవసరం, అభిమానం, భయం విడివిడిగా కనిపించలేదు. కట్టెలకు పోయినవారి నుంచి అటవీ సిబ్బంది గుంజే మామూళ్లు, ఏళ్లు నానిన బంజరు తగాదాలు దళం పంచాయితీలో రాత్రికి రాత్రే తేలేవి గనుక, మార్క్సు పేరు ఎరగని ఇల్లు కూడా ‘అన్నల’కు తలుపు తీసేది, తుపాకీ చేతబట్టి అడిగినవారిని కాదనడమూ తేలిక కాదు.

ఆ రాత్రి పెట్టిన అన్నమే తెల్లారి నేరమయ్యేది. నిషిద్ధ సంస్థకు తోడ్పడడాన్ని శిక్షార్హం చేసిన 1992 నాటి ప్రజాభద్రతా చట్టం కింద, వండినది ఇష్టంతోనా బెదురుతోనా అన్న విచారణ ఠాణాలో అరుదు. అక్కడ దెబ్బలు తిన్న కుర్రవాడికి ఊళ్లో ఉండడం కన్నా అడవే క్షేమమనిపించడం సహజం. దెబ్బలకు తాళలేక నోరు విప్పినవాడిపై ‘ఇన్‌ఫార్మర్’ ముద్ర పడితే దళం చేతిలో ప్రాణం పోయేది. 1997లో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన ఏర్పడిన పౌరస్పందన వేదిక ఈ నలుగుబాటును ప్రభుత్వం, పార్టీ ఉభయపక్షాల ముందూ పెట్టింది. మధ్యవర్తిత్వం కన్నా ఆ ఎత్తిచూపడమే వేదిక చేసిన పెద్ద మేలు.

పీపుల్స్‌వార్‌పై నిషేధం సడలిన 2004లో పల్లెల మొగ్గు బాహాటంగా కనిపించింది. ఆ అక్టోబరు 11న పార్టీ నేత రామకృష్ణ దోర్నాల వైపు అడవిలోని చిన్న ఆరుట్ల వద్ద బయటికొచ్చి, 1969లో నక్సలైట్ నేత చారు మజుందార్ రహస్య సమావేశం జరిపిన పల్నాటి గుత్తికొండ బిలం దగ్గర సభలో మాట్లాడారు. వారంలోపే హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి, భూపంపిణీ ప్రధానాంశమైంది, మిగులు భూముల్లో ఎర్రజెండాలు పాతారు. 2005 జనవరిలో చర్చలు తెగి, ఆగస్టులో నిషేధం తిరిగొచ్చేసరికి, సభలకు బాహాటంగా వెళ్లినవారే తేలిగ్గా గుర్తుపట్టదగినవారయ్యారు. 2006 జులైలో యర్రగొండపాలెం అడవిలో పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ఎన్‌కౌంటరులో మరణించాక నల్లమల దళాలు చెదిరాయి. నాయకత్వం ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు తరలింది, జెండాలు పాతిన భూముల తగాదాలు రెవెన్యూ కచేరీలకు తిరిగొచ్చాయి.