బొమ్మలు గీసి నాడీకణాన్ని చూపించిన కహాల్

జీవశాస్త్రం పుస్తకంలో నాడీకణం పటం మీరు చూసే ఉంటారు. కొమ్మల్లాంటి డెండ్రైట్లు, కణదేహం, పొడవాటి తోకలా ఆక్సాన్. నాడీకణాలు విడివిడిగా ఉంటాయని మనకు చూపించినవారు స్పెయిన్ శాస్త్రవేత్త సాంతియాగో రామోన్ ఇ కహాల్ (1852–1934). చిన్నప్పుడు ఆయన కావాలనుకున్నది మాత్రం చిత్రకారుడు.

బాల్యం
కహాల్‌కి బొమ్మల పిచ్చి. వైద్యుడైన తండ్రికి అది బొత్తిగా నచ్చలేదు. అల్లరి మానడం లేదని కొన్నాళ్లు మంగలి దగ్గర, కొన్నాళ్లు చెప్పులు కుట్టేవారి దగ్గర పనికి పెట్టారు. చివరికి తండ్రే ఒక దారి కనిపెట్టారు. 1868 వేసవిలో శ్మశానంలో దొరికిన ఎముకలు చూపించి, వాటి బొమ్మలు గీయిస్తూ శరీర నిర్మాణం నేర్పారు. అలా బొమ్మల దారిలోనే కుర్రవాడు వైద్యంలోకి వచ్చాడు. 1873లో పట్టా అందుకున్నాడు.

మెదడు బొమ్మలు
అదే 1873లో ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ, వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి ప్రకటించారు. ఇందులో కొన్ని కణాలకే రంగు పడుతుంది. అదే దీని మేలు. అన్నిటికీ పడితే అడవిలా కలిసిపోయి ఏదీ కనబడదు.

కహాల్ ఈ పద్ధతిని మెరుగుపరిచి, 1888లో బార్సిలోనాలో పక్షుల మెదడు పొరలను పరిశీలించారు. కణం కొమ్మలు వేరువేరు లోతుల్లో ఉంటాయి కాబట్టి ఒక్క ఫొటోలో అన్నీ స్పష్టంగా రావు. అందుకే గంటలకొద్దీ మైక్రోస్కోపులో చూసి, చూసినదంతా కలిపి ఒకే బొమ్మగా గీసేవారు. సంకేతం ఎటు పోతుందో బాణం గుర్తులు పెట్టేవారు.

ఒకే రంగు, రెండు అభిప్రాయాలు
మెదడంతా తెగని వల అని గాల్జీ నమ్మకం. కాదు, ఏ కణానికి ఆ కణం వేరు, పక్కపక్కన ఉంటాయంతే అన్నారు కహాల్. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన మాట వదల్లేదు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక కణాల మధ్య సందు కనబడింది. అది సుమారు మిల్లీమీటరులో 50 వేలవ వంతు. కహాల్ చెప్పిందే నిజమైంది.

పిల్లలకు, పెద్దలకు
గీయాలంటే ప్రతి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి. కహాల్‌కి జవాబు దొరికింది అక్కడే, కొమ్మ ఆగిన చోట. పిల్లలూ, ఈసారి ఉల్లిపొర పటాన్ని పుస్తకంలోంచి దించకండి. ముందు మైక్రోస్కోపులో చూసి గీయండి, తర్వాత పుస్తకంతో పోల్చుకోండి. తేడా వస్తే వెంటనే చెరిపేయకుండా మళ్లీ చూడండి. అమ్మానాన్నలూ, నోట్‌బుక్ చివరి పేజీ నిండా బొమ్మలుంటే కోప్పడే ముందు ఒకసారి ఏం గీశారో చూడండి. చదువుకి దారి అందులోనే ఉండొచ్చు.