గుద్దులాటల పద్దు చూచిన స్త్రీ

మన ఫోరస్ రోడ్ చాళ్ళలో జీతము ఎవరు తెచ్చినను, దానిని కిరాణాకు, పాలకు, చీటీకి, ఊరికి పంపవలసిన దానికి పంచువారు ఆడవారే. మా అమ్మ చదివినది నాలుగవ తరగతి. చీటీ లెక్కలో రూపాయి తేడా వచ్చినను ఆమె కంటబడక మానదు. కాబట్టి బాక్సింగు వంటి మగవారి లోకమును ముప్పదియెనిమిది ఏండ్లు శాసించిన ఒక స్త్రీ చరిత్ర చదివినపుడు నాకు పెద్ద ఆశ్చర్యము కలుగలేదు. ఎరిగిన మనిషివలెనే తోచినది.

ఆమె పేరు అయిలీన్ ఈటన్. 1909లో కెనడాలోని వాంకూవరులో పుట్టినది. మొదటి భర్త పోయిన పిదప ఇద్దరు మగపిల్లలతో లాస్ ఏంజెలెస్‌లో ఒక క్రీడాసంఘపు అధ్యక్షుని వద్ద కార్యదర్శిగా పనిచేసినది. ఆ సంఘమునకు ఒలింపిక్ ఆడిటోరియమను పెద్ద హాలు ఉండెడిది. 1932 ఒలింపిక్సులో బాక్సింగు, కుస్తీ పోటీలు అక్కడనే జరిగినవి. (మన హాకీ జట్టు బంగారు పతకము తెచ్చినది ఆ ఒలింపిక్సుననే.) 1942 నాటికి హాలు నష్టములో పడగా, కారణము కనుగొని రమ్మని యజమాని ఆమెను పంపినాడు. పద్దులు చూడబోయిన మనిషి పగ్గములే పట్టినది! నేనును గుమస్తానే గనుక ఈ ఘట్టము నాకు మిక్కిలి ఇష్టము.

మేనేజరు, ప్రమోటరు ఒకరు కారు. బాక్సరు పక్షమున ఒప్పందములు చూచువాడు మేనేజరు. హాలు, టిక్కెట్లు, జోడీలు, బహుమాన ధనము ప్రమోటరు పూచీ. అయిలీన్ రెండవ కోవకు చెందినది. తరువాత ఆమె భర్తయైన కాల్ ఈటన్ పేరుకు ముందు నిలిచినను వ్యవహారమంతయు ఆమెదే. పొట్టకూటికి వలసవచ్చిన మెక్సికో కుటుంబములు తమవాడైన బాక్సరు కొరకు హాలు నింపునని ఆమె గ్రహించినది. ఊరు విడిచిన మనకు ఆ సంగతి వేరే చెప్పవలెనా? 1962 నవంబరు 15న ఆర్చీ మూర్‌తో క్యాసియస్ క్లే పోటీ ఏర్పరచినదియు ఆమెయే. నాలుగవ రౌండులోనే క్లే గెలిచినాడు. అతడే తరువాత ముహమ్మద్ అలీ.

ఒక్క రాత్రి మాత్రము దాటవేయరాదు. 1963 మార్చి 21న డాడ్జర్ స్టేడియములో ఈటన్ దంపతులు పెట్టిన పోటీలలో షుగర్ రామోస్ చేతిలో ఓడిన డేవీ మూర్ నాలుగు రోజులకు మరణించినాడు. బాక్సింగునే నిషేధింపవలెనని ఆ రాష్ట్ర గవర్నరు అన్నాడు. ఎంత నేర్పరి వ్రాసినను ఆ పద్దు సరిపడదు. ఆమె మానలేదు. 1966లో కాల్ పోయిన పిదప కూడ 1980 వరకు నడిపినది. 1987లో కన్నుమూసినది. 2002లో అంతర్జాతీయ బాక్సింగు కీర్తిమందిరములో చోటు దక్కిన తొలి మహిళ ఆమె.

ఇక అసలు మేనేజరు కథ డెట్రాయిటు విలేఖరి జాకీ కాలెన్‌ది. 1991లో ఆమె బాక్సరు జేమ్స్ టోనీ, మైకేల్ నన్‌ను పదునొకండవ రౌండులో పడగొట్టి ప్రపంచ టైటిలు గెలిచినాడు.

మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత కాగా, దేవగిరి ఎక్స్‌ప్రెస్సులో ఆ స్టేషను దాటునపుడెల్ల మా తొమ్మిదేండ్ల అమ్మాయి కిటికీ వదలదు. ఇప్పుడు గ్లవుసులు కావలెనని పట్టు. డేవీ మూర్ తలపునకు వచ్చి నేను వెనుదీయుచున్నాను. మా అమ్మ మాత్రము, "నెలకు ఫీజు ఎంతరా?" అని అడిగి, కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నది.